అమ్మినంత మాత్రమున తీరని బాధ్యత

మా శ్రోతలలో వయసు మళ్లిన వారికి ఒక సంగతి జ్ఞాపకముండును. పూర్వము ఇంట రేడియో పెట్టుకొన్న గృహస్థునకు ఏటేటా తీర్పవలసిన విధి యొకటి యుండెడిది. లైసెన్సు పుస్తకము చేతబట్టుకొని పోస్టాఫీసునకు పోయి, రుసుము చెల్లించి, ముద్ర వేయించుకొని రావలెను. కృష్ణగిరిలో అరుగుపై కూర్చుండి పాటలు వినువాడైనను, ఆదోని మండీలో పత్తి ధరలు వినువాడైనను ఈ నియమమునకు లోబడినవారే. 1980వ దశకములో ఆ లైసెన్సు రద్దయినది. పుస్తకము పెట్టె అడుగున చేరినది. రేడియో మాత్రము మిగిలినది.

నేడు అదే రేడియో విషయములో వార్షిక విధి మరల వచ్చినది. అయితే ఈసారి అది వినువానిపై గాక చేసినవానిపై పడినది. భారత ప్రభుత్వము 2022 నవంబరు 2వ తేదీన ప్రకటించి, 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు తెచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమావళిలో ఒక పట్టిక కలదు. ఆ పట్టికలో టెలివిజను, ఫ్రిజ్జు, సెల్ ఫోను మొదలగు వానితో పాటు రేడియో సెట్టు కూడ చేరినది. తాను తయారుచేసిన సెట్టు పాడయి మూలబడిన పిదప దాని గతి యేమైనదో చేసినవాడు ఏటేటా ప్రభుత్వమునకు లెక్క చెప్పవలెను. రేడియోలోని బ్యాటరీలకును, నూనె పోసిన ప్లాస్టిక్ సంచికిని ఇట్టి నియమములే వేరువేరుగా కలవు. వీని కన్నిటికి మూలమైన సూత్రమును ‘ఉత్పత్తిదారుని విస్తృత బాధ్యత’ అందురు. ఈ బాధ్యత యెట్టిది, దానిని ఏటేటా తీర్చుట యెట్లు, మన ప్రాంతమున అది యెవరిని తాకును, అందు మన యిండ్ల పాత్ర యేమి అను విషయములను ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

సూత్రము వినుటకు క్రొత్తగా తోచినను ఆచారము మనకు క్రొత్తది కాదు. గోలీ సోడా సీసాను జ్ఞప్తికి తెచ్చుకొందము. సోడా మనది, సీసా అంగడివానిది. త్రాగి సీసా తిరిగి యిచ్చినగాని వాడు మనలను కదలనీయడు. ఇంటికి తీసికొని పోవలెనన్నచో సీసాకు వేరుగా ధరావతు కట్టవలెను. అందువలన సోడా సీసా వీధిలో పారవేయబడుట అరుదు. వస్తువు అమ్ముడయినను దాని పాత్రపై అమ్మినవాని కన్ను విడువలేదు; పాత్ర తిరిగి వచ్చుటలో వానికి లాభము కలదు. ఈ యేర్పాటులోని ధర్మమునే నేటి చట్టము పెద్ద యెత్తున తెచ్చినది. ప్లాస్టిక్ వచ్చిన పిదప పాత్రకు విలువ పోయినది, తిరిగి అడుగువాడు లేకపోయినాడు. లాభము చేయించిన పనిని ఇక చట్టము చేయింపవలసి వచ్చినది.

ఈ సూత్రమునకు పేరు పెట్టినది స్వీడను దేశపు విద్వాంసుడు థామస్ లిండ్‌క్విస్ట్. 1990లో ఆయన తమ దేశపు పర్యావరణ మంత్రిత్వశాఖకు దీనిని ప్రతిపాదించెను. మరుసటి యేడు, 1991లో, జర్మనీ ప్యాకింగు సామగ్రిని వెనుకకు తీసికొను బాధ్యతను తయారీదారులపైనను, వర్తకులపైనను మోపుచు శాసనము చేసినది. మన దేశమున 2011లో ప్రకటించి, 2012 మే 1 నుండి అమలుచేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములలో ఈ సూత్రము స్థానము పొందినది. 2022లో ఒకే యేట మూడు ముఖ్యమైన అడుగులు పడినవి. ఫిబ్రవరి 16న ప్లాస్టిక్ ప్యాకింగునకు సంబంధించిన మార్గదర్శకములు, ఆగస్టులో బ్యాటరీల నియమావళి, నవంబరులో పైన చెప్పిన ఎలక్ట్రానిక్ నియమావళి వెలువడినవి.

ఈ శాసనముల అవసర మేమని ఎవరైన అడిగినచో, దూరము పోనక్కరలేదు. ఆదోని మార్కెట్ యార్డునకు పత్తి వచ్చు దినములలో పోయి చూచిన చాలును. పత్తిని పలువురు పాత యూరియా సంచులలో నింపి తెత్తురు. ఆ సంచి అల్లికలోని ప్లాస్టిక్ పోగు ఊడి పత్తిలో కలియును. జిన్నింగు మిల్లులో అది దూదితోపాటు బేళ్లకు పోవును, అచ్చట నుండి నూలునకు, నూలు నుండి బట్టకు పోవును. తుదకు అద్దకమున బయటపడును, ఏలయనగా నూలు పట్టిన రంగును ఆ పోగు పట్టదు. ఎమ్మిగనూరు చేనేతవారికి గాని, ఎక్కడనో నున్న పెద్ద మిల్లునకు గాని బట్టపై కనబడు తెల్లని గీత వెనుక ఎవరో వాడి విడిచిన సంచి యున్నది. పారవేసిన వస్తువు మాయము కాలేదు, దారి మార్చుకొని తిరిగి వచ్చినదని గ్రహింపవలెను.

పాత బ్యాటరీల కథ ఇంకను కఠినమైనది. మోటారు బ్యాటరీని బండపై పగులగొట్టి, ఆమ్లమును కాలువలో పోసి, సీసమును పెనములో కరగించు పద్ధతి పెక్కు పట్టణముల సందులలో కలదు. సీసపు పొగ, ధూళి పసిపిల్లల మెదడునకు హాని చేయును. ఆ హాని తిరుగ మరలునది కాదు. రాగి కొరకు తీగలపై నున్న తొడుగును కాల్చునపుడు వచ్చు పొగయు విషమే. ఈ పనులు చేయువారు పేదలు, వారి బిడ్డలు ఆ ప్రక్కనే ఆడుకొందురు. వస్తువుపై లాభము పొందినవా డొకడు, దాని చివరి కష్టము పడువాడు మరియొకడు. ఈ అన్యాయమును సరిదిద్దుటయే శాసనము యొక్క ఉద్దేశము.

ఇక నియమము ఎవరిని తాకునో చూతము. ప్లాస్టిక్ విషయమున సంచి తయారుచేయువాడు, విదేశముల నుండి తెచ్చువాడు, తన పేరు గల సరుకును సంచిలో అమ్మువాడు — ఈ మువ్వురును బాధ్యులు. మూడవ వానిని బ్రాండు యజమాని అందురు. మన ప్రాంతమునకు తగిన ఉదాహరణ నొకటి కల్పించుకొందము. ఒక మిల్లు యజమాని వేరుసెనగ నూనె తీయించి, తన ముద్ర గల ఒక లీటరు ప్లాస్టిక్ సంచులలో నింపి అమ్ముచున్నాడు. సంచిని మరియొక కర్మాగారము చేసి యిచ్చినను, దానిపై ముద్రించిన పేరు తనది గనుక అతడు బ్రాండు యజమాని యగును.

అయితే చిన్న వ్యాపారికి ఇచట ఒక మినహాయింపు కలదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల తరగతిలో చేరిన బ్రాండు యజమానులను ఈ బాధ్యత నుండి తప్పించిరి. 2025 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన కొలతల ప్రకారము యంత్రసామగ్రిపై పెట్టుబడి 25 కోట్ల రూపాయలను, సాలీనా అమ్మకము 100 కోట్ల రూపాయలను మించని సంస్థ చిన్న పరిశ్రమ యగును. ఈ రెండు కొలతలలో ఏ యొకటి దాటినను పై తరగతిలో చేరవలసినదే. కావున చిన్న మిల్లుల వారు ఈ మాటలు విని బెదరిపోనక్కరలేదు. తాము ఏ తరగతిలో నున్నారో పత్రము చూచి నిర్ధారించుకొనిన చాలును. సంచులు తయారుచేయువారికి, దిగుమతి చేయువారికి నియమములు వేరుగా నుండును గనుక వారు తమ సంగతిని వేరుగా విచారించుకొనవలెను.

మన ఉదాహరణలోని మిల్లు ఈ కొలతలను దాటిన దనుకొందము. అప్పుడు మొదటి విధి నమోదు. ఒకటి గాని రెండు గాని రాష్ట్రములలో సరుకు అమ్ముచో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యొద్ద, రెండు రాష్ట్రములకు మించి అమ్ముచో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యొద్ద నమోదు కావలెను. రెండును ఒకే కేంద్ర పోర్టలు ద్వారా జరుగును. ఈ భేదము ఆదోని వర్తకునకు ముఖ్యము. మన రాష్ట్రములోను, సరిహద్దు దాటి సిరుగుప్ప, బళ్లారి బజారులలోను అమ్మినంత వరకు రాష్ట్రములు రెండే. తుంగభద్ర దాటి గద్వాలకు ఒక లారీ పంపినచో తెలంగాణతో మూడయినవి. వ్యవహారము కేంద్ర మండలికి పోవును. నమోదైన సంస్థ నమోదు కావలసియు కాని సంస్థతో వ్యాపారము చేయరాదను నియమము కూడ కలదు. కావున నమోదు మానుకొనినవానికి క్రమముగా సరుకు నిచ్చువారును, కొనువారును తగ్గిపోదురు.

రెండవ విధి తూకము. ప్లాస్టిక్ ప్యాకింగును 2022 మార్గదర్శకములలో నాలుగు వర్గములుగా విభజించిరి. సీసా, డబ్బా వంటి గట్టివి మొదటి వర్గము. నూనె సంచి వలె వంగునవి, పొరలన్నియు ప్లాస్టిక్‌వే అయినవి రెండవ వర్గము. ప్లాస్టిక్‌తో వేరొక పదార్థపు పొర కలిసినవి మూడవది. మట్టిలో ఎరువుగా మారునట్టివి నాలుగవది. తరువాతి సవరణలో జీవక్రియచే నశించునవియు చేరినవి. మిల్లు యజమాని గడచిన రెండేండ్లలో కొని బజారునకు పంపిన సంచుల బరువును వర్గముల వారీగా తీసి, సరాసరి కట్టవలెను. ఒక యేట 38 టన్నులు, మరుయేట 42 టన్నులు అనుకొన్నచో సరాసరి 40 టన్నులు. సంచులు నింపునపుడు మిల్లులోనే చిరిగి వ్యర్థమైన ప్లాస్టిక్ సరాసరిని కూడ దీనికి కలుపవలెను.

ఈ మొత్తములో ఎంత భాగమునకు బాధ్యత వహింపవలెను? 2021-22లో నూటికి 25, 2022-23లో నూటికి 70, 2023-24 నుండి నూటికి నూరు పాళ్లని విధించిరి. అనగా మన మిల్లు 40 టన్నులకును జవాబు చెప్పవలెను. అందు కొంత భాగము తప్పక రీసైక్లింగునకే పోవలెను. రెండవ వర్గమునకు ఆ కనీస భాగము 2024-25లో నూటికి 30, 2025-26లో 40 అని నిర్ణయించి, ఏటేటా పెంచుచు 2027-28 నాటికి 60 చేసిరి. 2025-26 లెక్కన 40 టన్నులలో 16 టన్నులైనను తిరిగి ప్లాస్టిక్‌గా మారవలెను. రీసైక్లింగునకు పనికిరానిది రోడ్లకు, సిమెంటు బట్టీలకు, విద్యుదుత్పత్తికి పంపవచ్చును.

ఇచట ఒక సందేహము కలుగును. గడపగడపకు పోయి తన నూనె సంచులను తానే ఏరుకొనుట మిల్లు యజమానికి సాధ్యమా? అట్లు చేయనక్కరలేదు. అదే వర్గమునకు చెందిన ప్లాస్టిక్‌ను, ఎవరిదైనను, అంత బరువు శుద్ధి చేయించిన చాలును. నమోదైన రీసైక్లింగు కర్మాగారము తాను శుద్ధి చేసిన బరువునకు సర్టిఫికెట్టు పుట్టించును. మిల్లు యజమాని దానిని కొని తన ఖాతాలో జమ కట్టుకొనును. రెండవ వర్గపు బాకీని రెండవ వర్గపు సర్టిఫికెట్టుతోనే తీర్పవలెను; సీసాల సర్టిఫికెట్టు సంచుల బాకీకి చెల్లదు.

ఏర్పాటు అంతయు ఈ సర్టిఫికెట్టుపై నిలిచి యున్నది. అది సత్యమైనచో ఎక్కడనో ఒక టన్ను ప్లాస్టిక్ కాలువను వదలి కర్మాగారమునకు చేరినది. అది అసత్యమైనచో కాగితము కదలినది గాని ప్లాస్టిక్ కదలలేదు. ఈ భయము ఊహామాత్రము కాదు. 2023లో కేంద్ర మండలి తనిఖీ జరుపగా గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకములలోని కొన్ని రీసైక్లింగు సంస్థలు సుమారు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు పుట్టించినట్లు వెల్లడియైనది. కావున చవుకగా దొరికినదని సర్టిఫికెట్టు కొనుట వివేకము కాదు. ఆ కర్మాగారము నమోదైనదా, దాని యంత్రముల శక్తి యెంత, అంత సరుకు అచటికి నిజముగా వచ్చుచున్నదా అని విచారించుట కొనువాని ధర్మము. పెద్ద సంస్థలకు ఇది సులభము. మధ్యతరగతి మిల్లు యజమాని మరికొందరితో కలిసి ఒకే నమ్మకమైన కర్మాగారముతో ఒడంబడిక చేసికొనవచ్చును.

మూడవ విధి వార్షిక రిటర్ను. మార్చి 31న ముగిసిన ఆర్థిక సంవత్సరపు లెక్కను ప్లాస్టిక్ విషయమున జూను 30వ తేదీ లోపల పోర్టలులో సమర్పింపవలెను. బ్యాటరీలు తయారుచేయువారికిని అదే గడువు. ఎలక్ట్రానిక్ వస్తువులకైతే మూడు నెలల కొకటియు, సంవత్సరమునకు ఒకటియు రిటర్నులు కలవు. జూను 30 అనగా ఆరుద్ర కార్తె. మన నల్లరేగడి రైతు ఆ దినములలో విత్తుచుండును. ఆరుద్రలో విత్తువాడు ఆరుద్రలో దుక్కి దున్నుటకు మొదలుపెట్టడు. వేసవిలోనే చేను సిద్ధము చేయును. లెక్కయు అట్టిదే. నెల నెల కొన్న సంచుల బరువు, వర్గము, అమ్మినవాని నమోదు సంఖ్య, బిల్లు సంఖ్య ఒక పుస్తకములో వ్రాసి యుంచినవానికి రిటర్ను ఒక పూట పని. అట్లు వ్రాయనివాడు జూను చివర బిల్లుల కట్టలు విప్పి, బరువు లేని బిల్లుకు బరువు ఊహించి వ్రాయును. ఊహించి వ్రాసినది పట్టుబడినప్పుడు తప్పుడు సమాచార మనిపించుకొనును. తప్పుడు సమాచార మిచ్చినవాని నమోదును, అతని వాదన వినిన పిదప, ఒక సంవత్సరము రద్దుచేయు అధికారము కలదు. ఒక సంవత్సరము నమోదు లేని మిల్లులో పనివాండ్ర బ్రతుకు ఏమగునో ఆలోచింపుడు.

బాకీ తీరనిచో పర్యావరణ పరిహార మను ధనము చెల్లింపవలెను. అది కేవలము జరిమానా కాదు. ధనము కట్టినంత మాత్రమున బాధ్యత పోదు. తీరని బరువు మూడేండ్ల వరకు ముందు సంవత్సరములకు వచ్చుచుండును. తరువాత ఆ బరువును శుద్ధి చేయించినచో, ప్లాస్టిక్ విషయమున ఒక యేడు లోపలనైన నూటికి 75, రెండేండ్ల లోపలనైన 60, మూడేండ్ల లోపలనైన 40 పాళ్లు తిరిగి యిత్తురు. ఆపైన ఏమియు రాదు. ప్రభుత్వమునకు కావలసినది ధనము కాదనియు, పని యనియు ఈ యేర్పాటువలన తెలియుచున్నది. ఆలస్యమైనను పని చేసినవానికి దారి తెరచియే యుంచిరి.

మరల మన రేడియో దగ్గరకు వత్తము. దాని లెక్క కొంచెము వేరు. ఈ సంవత్సరము అమ్మిన సెట్లకు గాక, సెట్టునకు ఎంత ఆయుష్షు నిర్ణయించిరో అన్నేండ్ల క్రితము అమ్మిన సెట్లకు తయారీదారుడు ఇప్పుడు జవాబు చెప్పవలెను. ఆయుష్షు పదేండ్లనుకొని, పదేండ్ల క్రితము 1,000 కిలోల సరుకు అమ్మిన దనుకొన్నచో, 2023-24, 2024-25 సంవత్సరములలో 600 కిలోలు, 2025-26, 2026-27లలో 700 కిలోలు, ఆ తరువాత 800 కిలోలు రీసైక్లింగు చేయింపవలెను. అనగా మీ ఇంట అటకపై నున్న పాత సెట్టు ఎవరి ఖాతాలోనో బాకీగా వ్రాయబడియే యున్నది.

ఇచటనే మన పాత్ర మొదలగును. తయారీదారుడు ఎంత శ్రద్ధగలవాడైనను, మనము చెత్తకుప్పలో వేసినది రీసైక్లింగు కర్మాగారమునకు దానంతట అది నడచిపోదు. వాడిన బ్యాటరీలను ఇంటి చెత్తతో కలుపక వేరుగా నుంచి, సేకరించువారికి గాని, బాగుచేయువారికి గాని, రీసైక్లింగు చేయువారికి గాని అందజేయవలెనని 2022 బ్యాటరీ నియమావళి వాడుకదారునకే విధించినది. అడ్డగీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మను బ్యాటరీపై ముద్రించుట ఇందు కొరకే. రేడియోను చాలకాలము వాడనిచో సెల్లులు తీసివేయుడు. కారిన సెల్లు సెట్టును తినివేయును. తీసిన సెల్లులను ఒక డబ్బాలో పోగుచేయుడు. బండి బ్యాటరీ మార్చునపుడు పాతదానిని అమ్మినవాని యొద్దనే విడిచి రండు, బిల్లు అడుగుడు. నూనె సంచిని కడిగి ఆరవేసి పొడి చెత్తలో నుంచుడు. జిడ్డు గల సంచికి గుజిరీ అంగడిలో విలువ లేదు. పత్తి తీయునపుడు వీలైనంత వరకు నూలు సంచినే వాడుడు.

ఇవి చిన్న పనులే. గృహస్థునకు పోస్టాఫీసులో వరుస నిలుచు శ్రమ లేదు, రుసుము లేదు, ముద్ర లేదు. అయినను ఒకప్పటి లైసెన్సు కంటె ఇది పెద్ద విధియని మా అభిప్రాయము. ఆ లైసెన్సు మనకు వినుటకు అనుమతి యిచ్చినది. ఈ విధి మన తరువాతివారు అదే నేలపై, అదే నీటితో ఆరోగ్యముగా బ్రతుకుటకు సంబంధించినది. మిల్లు యజమాని నెలనెల లెక్క వ్రాయవలెను, కర్మాగారము సత్యమైన సర్టిఫికెట్టు ఇవ్వవలెను, మండలి తనిఖీ చేయవలెను, గృహిణి సంచిని వేరు చేయవలెను. ఈ నలుగురిలో ఏ యొకరు తప్పినను తక్కిన మువ్వురి శ్రమ కాగితముపై మిగిలిపోవును.

రేపు ఉదయము రేడియో పెట్టునపుడు వెనుక మూత తీసి చూడుడు. సెల్లులు ఏనాటివో తెలియును. మార్చవలసి యున్నచో పాతవి పారవేయక డబ్బాలో వేయుడు.